అంటనివి

గుణుపురంలో మా కొట్టు
చిన్న రైలు ఆగిపోయే చోటికి నాలుగడుగులు ఇవతల.
మేకులు తూకానికి, బందులు జతకి,
గొళ్ళేలు, గడియలు, జీఐ రేకులు,
వెనక గదిలో పాత సామాను.

తక్కెడ కొయ్యకి పురికోసతో
ఓ అయస్కాంతం వేలాడేది.
పగిలిన రేడియో గుండె అది,
మా నాన్న పారినాయుడు ఊడబెరికి తెచ్చాడు.
'మడిసి మాట కాదమ్మీ, దీని మాట ఇను' అనేవాడు.

ఇనుము చూస్తే ఎగిరి పడేది.
ఇత్తడి దగ్గర పలక్కుండా ఊరుకునేది.
ఇత్తడని అమ్మే బందుల్లో సగం
పూత కింద ఇనుమేనని
తొమ్మిదేళ్ళకే నాకు తెలుసు.
స్టీలు గిన్నెల సంగతి దానికీ తేలేది కాదు,
కొన్నిటికి అంటేది, కొన్నిటికి అంటేది కాదు,
ఎందుకని అడిగితే నాన్న చుట్ట వెలిగించేవాడు.

సెలవు రోజుల్లో గల్లాపెట్టె నాది.
అయిదు పైసల పలక బిళ్ళ, పది పైసల పువ్వు బిళ్ళ
ఉత్త అల్యూమినియం, వంశధారలో వేస్తే
మునగాలా వద్దా అని ఆలోచించేటంత తేలిక.
పావలా, అర్ధరూపాయిలది వెండి వేషం.
నూటికి డెబ్బయి అయిదు పాళ్ళు రాగి,
అంత రాగిలోనూ ఎరుపు చుక్కైనా బయటపడనివ్వదు
తక్కిన పాతిక పాళ్ళ నికెల్.
అయస్కాంతం వాటిని పట్టించుకోదు.

ఒక సంతరోజు
సవర సుక్కరి కొండ మీంచి దిగొచ్చింది.
గుడిసెకి తలుపు పెట్టుకుంటానంది.
'ఎలుగు తిరగతంది, గుంటలున్నారు.'
రెండు జతల ఇత్తడి బందులు, ఒక గొళ్ళెం, గుప్పెడు మరమేకులు.
మెడలోంచి పేరు తీసింది.
నల్లదారానికి గుచ్చిన పావలాలు, అర్ధలు,
మూడు సింహాల నెత్తిన చిల్లు.
దారం పళ్ళతో కొరికితే కొట్టంతా గలగల.
అది ఉన్నంత మేరా మెడ
పసిపిల్ల మెడలా లేతగా ఉంది.

'చిల్లు పడ్డాక చెల్లదే' అన్నాడు నాన్న.
అది నిజమే.
తక్కెడలో పోశాడు.
'ఇనపరద్దు' అన్నాడు.
ఇనుము ధర కట్టాడు.

అయస్కాంతం ఆ పళ్ళేనికి జానెడు ఎత్తున
కదలకుండా వేలాడింది.
నేను దాన్ని చూశాను.
నాన్న నన్ను చూశాడు.
సుక్కరి మా ఇద్దర్నీ చూసి నవ్వింది,
ఇంతపిల్ల కొట్టులో కూర్చుందని ముచ్చటపడి.

లెక్క చాల్లేదు. తక్కువ పడ్డదానికి
మరుసటి సంతకి చింతపండు తెచ్చి తీర్చింది.

నెలాఖరున బుడితి నుంచి కంచరి వచ్చి
రాగి ధర ఇచ్చి పట్టుకుపోయాడు.
ఏ చెంబు అంచులో కరిగాయో, ఏ గరిటె కాడలో.
ఆ డబ్బుతో నాన్న నాకు చెప్పులు కొన్నాడు.
కరవలేదు. కరిస్తే బాగుండేది.

ఇప్పుడు పావలా లేదు. నాన్న లేడు.
తక్కెడ పోయి అంకెల కాటా వచ్చింది.
అయస్కాంతం మాత్రం సొరుగులో, మేకుపిల్లల్ని మోస్తూ.
బల్ల మీద ఒక పెట్టె
ఎవరెంత వేశారో ఊరందరికీ వినబడేట్టు అరుస్తుంది.
దాని లోపలా ఇలాంటి గుండే ఉంటుందట.
పసుపు అంచు, తెల్ల నడుము పది రూపాయల బిళ్ళ
నా గల్లాలో పడుతుంది గానీ
పార్వతీపురం బస్సు కండక్టరు పుచ్చుకోడు.

ఈ ఉదయం ఒక కుర్రాడొచ్చాడు.
తుప్పు పట్టిన బందు బల్ల మీద పెట్టాడు.
'ఇలాటిదొకటి కావాల. మా మామ్మ తలుపుది.
తక్కినియ్యి బానే ఉన్నాయి.'
గోటితో గీకాను.
మూల మీద ఒక రవ్వంత పసుపు పూత.
అయస్కాంతం దగ్గరకైనా పెట్టలేదు,
దానంతటదే ఎగిరి కరుచుకుంది.
ఊడదియ్యడానికి రెండు చేతులూ పట్టాయి.

'మామ్మ పేరు?' అన్నాను.
నోరు దాటాక గాని
ఆ మాట నాకు వినబడలేదు.
చెప్పాడు.

పై అరలోంచి అసలు ఇత్తడి జత దించి ఇచ్చాను.
డబ్బులొద్దంటే అనుమానంగా చూశాడు.
వేలికొసతో మోగించాడు, చెవి దగ్గర పెట్టుకుని.
'ఒకటే కదా కావాల' అని
ఒకటి జేబులో వేసుకుని
పదిరూపాయల బిళ్ళ పెట్టి వెళ్ళిపోయాడు.

రెండోది బల్ల మీదే ఉంది.
ఇద్దరు అడిగారు. అమ్మలేదు.